పద్నాలుగో ప్రశ్న

టాబ్లెట్ తెర మీద దుమ్ము.
చొక్కా అంచుతో తుడుస్తాను, మళ్ళీ పడుతుంది.
మైకోనా దాటాక నేలంతా నల్లరాళ్ళే,
ఎవరో ఒక కొండను దంచి చెరిగి
నూకలు ఇక్కడ పారబోసినట్టు.
నడిచి నడిచి
నా ఎడమ బూటు నోరు తెరిచింది.

నేనూ ఈ రాళ్ళలో పుట్టినవాణ్ణే.
నైరోబీలో మూడేళ్ళు చదివి
రోజు కూలికి
మావాళ్ళనే ప్రశ్నలడగడానికి వచ్చాను.
మొత్తం నూట ఆరు.
మొదటి పేజీలో 'తట్టుకునే శక్తి' అని ఒక మాట.
దాన్ని మా భాషలోకి దించడానికి
శిక్షణలో ఒక పూట పట్టింది.
చివరికి, పడ్డ ఒంటె లేవడం, అని రాసుకున్నాం.
అది విని ఒక ముసలాయన
పొగాకు ఉమ్మేసి అన్నాడు:
లేవడం సరే.
లేపేవాళ్ళెవరో రాసుకున్నారా?

దిరాము గుడిసె ముందు కూర్చున్నాను.
విల్లులా వంచిన వేర్లు, పైన చాపలు,
విప్పి కడితే ఒక ఒంటె మోసేంత ఇల్లు.
ఆమె వేరునారతో పాలబుంగ అల్లుతోంది.
పేరు చెప్పింది.
వయసడిగితే,
"ఎర్రదుమ్ము ఏడాది పుట్టాను.
అదెంతో నువ్వే వేసుకో, చదువుకున్నావుగా."

పద్నాలుగు: మీకు ఎన్ని ఒంటెలున్నాయి?

సూది ఆగింది.
"నా దొడ్లో మూడు పాలిస్తున్నాయి.
ఒకటీ నాది కాదు.
చెవికి రెండు గాట్లున్నది జటానీ వాళ్ళది.
మిగతావి మా ఆడబిడ్డ దబరె ఇచ్చింది.
పాలు నావి, ఆడపిల్ల పుడితే ఆమెది.
నావి ఐదున్నాయి.
రెండు హురీ కొండల్లో,
ఒకటి సరిహద్దు అవతల,
ఇంకో రెండు ఎవరి దొడ్లో ఉన్నాయో
కనుక్కోవాలి, చేతులు మారాయి."

అయితే ఐదు వేస్తాను.
"వాటి పాలు తాగి పదకొండేళ్ళయింది నాయనా."
అయితే మూడు.
"జటానీ వింటే నవ్వుతాడు."
పోనీ, సున్నా?

బుంగ కింద పెట్టింది.
"మీ అమ్మకి పాలెండి
నువ్వు మూడు రాత్రులు గుక్కపట్టి ఏడ్చినప్పుడు
నీ నోట్లో పోసింది ఎవరి ఒంటె పాలు?
దాన్ని సున్నా అంటావా?"

నాకు తెలీదు. ఎవరూ చెప్పలేదు.

"పోయిన కరువులో
ఈ కంచెలో కట్టేసుకున్నవి తొమ్మిది.
తొమ్మిదీ పోయాయి.
కళేబరాలు ఈడ్చడానికి
ఒక ఒంటెని అరువు తెచ్చాను."
అని, మళ్ళీ సూది అందుకుంది.

తెర మాత్రం కదలదు.
అంకె పడందే
పదిహేనో ప్రశ్నకి పోనివ్వదు.
మూడూ ఐదూ కలిపి ఎనిమిది వేశాను.

పదిహేను: బీమా తీసుకున్నారా?
"తీసుకున్నాను. ఆకాశంలోంచి చూసే కన్నుకి
ఇక్కడంతా పచ్చగా కనబడిందట.
నిజమే, ముళ్ళకంప పచ్చగానే ఉంది.
దాని కాయలు తిని మా మేకలకి
పళ్ళు ఊడిపోయాయి.
పళ్ళు కనబడవా ఆ కన్నుకి?"
ఈ జవాబుకి గడి లేదు.
'ఇతరములు' అని నొక్కాను.

వారానికి ఆఫీసు నుంచి ఫోను.
"మీ ప్రాంతం లెక్క తప్పింది.
ఉన్న ఒంటెల కంటే
నీ జాబితాలో ఇంచుమించు రెట్టింపున్నాయి.
ప్రతి ఒంటే
రెండు దొడ్లలో నిలబడి ఉంది.
సరిచేసి పంపు."

సరిచేయలేదింకా.
ఆ రాత్రి సిగ్నల్ కోసం గుట్టెక్కి
అమ్మకి ఫోన్ చేశాను.
చిన్నప్పుడు నాకు పాలిచ్చిన ఒంటె
ఎవరిదమ్మా?

అవతల చాలాసేపు గాలి,
చెక్కగంటల చప్పుడు,
ఎవరో మందని తోలుతున్న కేక.
తర్వాత అమ్మ గొంతు:
"ఏ కరువులో?"